పల్లవి అందుకున్న ఊళ్ళు

కళింగాంధ్ర కథనాలు – పన్నెండో భాగం

గత భాగంలో చికాకోలు సన్నబట్టల నేత గురించి, 1866 కరువులో ఆ ఊరు పడిన పాట్ల గురించి చెప్పుకున్నాం. ఈసారి అదే చికాకోలు నుంచి, అంటే నేటి శ్రీకాకుళం నుంచి, బొబ్బిలి, విజయనగరం, సాలూరు దాకా చెదురుమదురుగా పుట్టిన క్రైస్తవ సంఘాల కథ.

1878 జులై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్ళలో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు దేశపు క్రైస్తవ చరిత్ర అనగానే పుస్తకాలు ముందు ఈ సంగతే చెబుతాయి. కరువు, అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర తవ్వించిన బకింగ్‌హాం కాలువ ముక్క పని, పేటలకు పేటలు కదిలి రావడం, ఇవన్నీ కలిసి ఆ కథకు ఒక ఊపునిచ్చాయి. ఉత్తరాన నాగావళి, వంశధార, వేగావతి ఒడ్డున అలాంటి రోజు ఒక్కటీ రాలేదు. ఇక్కడ ఒక ఏడాదిలో ఒక కుటుంబం, మరో ఏడాదిలో ఇద్దరు మనుషులు. అందులోనూ ఒకరు వెనక్కి పోయేవారు, మరొకరు కూలికి రంగం (రంగూన్) ఓడ ఎక్కేవారు.

పేటంతా ఒకేసారి మారితే ఆ పేటే సంఘం అవుతుంది. చుట్టాలు, వియ్యంకులు, పాలివాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. పెళ్ళికి సంబంధం వెతుక్కోనక్కర్లేదు, పాడె మోసే భుజాల కోసం చూడనక్కర్లేదు. ఒక్కొక్కరుగా వచ్చిన చోట ఇవేవీ ఉండవు. కులం వదిలేసింది, ఊరు పక్కన పెట్టింది, సాటి క్రైస్తవుడు పది మైళ్ళ అవతల ఉన్నాడు. అలాంటి మనుషులను ఒక సంఘంగా నిలపాలంటే ప్రసంగం ఒక్కటే చాలదు. వారం వారం చేసే పని ఏదో ఉండాలి. ఉత్తరాంధ్రలో ఆ పని పాటతో మొదలైంది.

విశాఖలో మూడు దశాబ్దాల నిరీక్షణ

లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి కూర్చున్నారు. ఆనందరాయరు అనే మరాఠీ బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగులోకి తెచ్చారు. బడులు పెట్టారు, బజారుల్లో ప్రసంగించారు, కరపత్రాలు పంచారు. అయినా తొలి తెలుగు బాప్తిస్మం కోసం ఆ మిషను దాదాపు ముప్పై ఏళ్ళు ఆగవలసి వచ్చింది.

పుస్తకం ఉంది, బడి ఉంది, దొర ఉన్నాడు. లేనిది పది మంది కలిసి కూర్చుని చేయగల పని. ఇంగ్లీషు కీర్తనలను తెలుగు మాటల్లోకి దించి, ఇంగ్లీషు బాణీలోనే పాడించడం ఆనాటి పద్ధతి. భజన గుళ్ళలో, వీధి భాగోతాల్లో పెరిగిన చెవికి ఆ పాట ఎక్కలేదు. ఎక్కే పాట కట్టగల మనిషి చికాకోలు వైపు నుంచి వచ్చాడు.

కూర్మనాథుడి కొడుకు

పురుషోత్తమ చౌదరి 1803 సెప్టెంబరు 5న పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. బెంగాలు నుంచి ఎప్పుడో వచ్చి ఒడియా సీమలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. ఒకటి శ్రీకూర్మం స్వామి పేరు, ఒకటి పూరీ జగన్నాథుడి చెల్లెలి పేరు. ఆ ఇంటి భక్తికి రెండు క్షేత్రాలూ దగ్గరే. ఒడియా, తెలుగు, సంస్కృతం చదువుకుని, పద్యం కట్టడం, కీర్తన కట్టడం చిన్నప్పుడే పట్టుబడిన మనిషి.

1833లో ఆయన చికాకోలులో హెలెన్ నాట్ అనే క్రైస్తవ మహిళను కలిశారు. ఆమెతో మాటలు, చదివిన కరపత్రాలు, లోపల అప్పటికే నలుగుతున్న ప్రశ్నలు, అన్నీ కలిసి అదే ఏడాది అక్టోబరులో ఆయన్ను కటకం చేర్చాయి. అక్కడి బాప్తిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. ఆనాటికి ఈ సీమలో మతం మారినవాడి ఆస్తి హక్కును కాపాడే చట్టమేదీ లేదు. అది 1850లో వచ్చింది. అంటే 1833లో బాప్తిస్మం తీసుకోవడమంటే ఇల్లు, పొలం, కట్టుకున్న భార్య, అన్నీ పోవచ్చని తెలిసి నీళ్ళలో దిగడమే. భార్య రాధామణి మొదట ఆయనతో రాలేదు. కొంతకాలానికి వచ్చారు.

తర్వాత ఆయన లండన్ మిషను వారితో కలిసి విశాఖ, చికాకోలు ప్రాంతాల్లో పనిచేశారు. మద్రాసు, కడప, బళ్ళారి దాకా తిరిగారు. 1890 ఆగస్టు 23న పర్లాకిమిడిలో కన్నుమూసేనాటికి నూటికి పైగా కీర్తనలు కట్టారు. నేటికీ బాప్తిస్టు, లూథరన్, సీఎస్‌ఐ గుళ్ళలో చేతికందే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట కింద ఎక్కువసార్లు కనిపించే పేర్లలో ఆయనదొకటి.

పల్లవి చేసిన పని

ఆ పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. శంకరాభరణం, ముఖారి, ఆది తాళం ఇలా. కింద పల్లవి, అనుపల్లవి, ఆ తర్వాత వరుసగా చరణాలు. ప్రతి చరణం చివర పల్లవి మొదటి మాట అచ్చు వేసి, రెండు పక్కలా గీతలు పెట్టి వదిలేస్తారు. అక్కడ అందరూ పల్లవి అందుకోవాలని దాని గుర్తు.

ఆ గుర్తులోనే సంఘం ఎలా ఏర్పడిందో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు మాల పేటలో, పైడి గూడెంలో చదవగలిగినవాడు ఒక్కడుంటే ఎక్కువ. ఇంగ్లీషు పద్ధతి పాటకు ప్రతి ఒక్కరి చేతిలో పుస్తకం ఉండాలి, కళ్ళు అక్షరాల మీద నడవాలి. కీర్తనకు ఒక్క పుస్తకం చాలు. చదువు వచ్చినవాడు చరణం పాడతాడు, పదాలు రానివాళ్ళంతా పల్లవి అందుకుంటారు. మూడో చరణానికి వచ్చేసరికి పల్లవి అందరిదీ. ఇంటికి పోయి ఊడ్పుల్లో ఆడవాళ్ళు అదే పాడుకుంటారు. నాలుగు వారాలకు చరణాలూ నోటికి వస్తాయి. సువార్త ఇలా అచ్చు పుస్తకం కన్నా ముందే మడిలో దిగింది.

చౌదరి కీర్తనల్లో మాట్లాడేది ఎక్కువగా ‘నేను’. నేను పాపిని, నేను దిక్కులేనివాణ్ణి, నువ్వే దయ చూడాలి అని వేడుకునే గొంతు. శరణాగతి చెప్పే ఆ గొంతు రామదాసు కీర్తనలు విన్న చెవికి కొత్తది కాదు. వేడుకునే పద్ధతి పాతది, వేడుకుంటున్న దేవుడు కొత్త. ఆర్.ఆర్. సుందరరావు 1983లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని ఈ భక్తి ధోరణినే వివరంగా చర్చించారు. ఒక తేడా మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. భక్తుడు ఒంటరిగా వేడుకున్నా, పల్లవి దగ్గరకు వచ్చేసరికి అది గుంపు వేడుకోలు అవుతుంది. కులం విడిచి వచ్చిన బ్రాహ్మణుడు కట్టిన పాటను, కులం వల్ల ఊరి బయట బతికే మనిషి అందుకున్నాడు. చికాకోలు లాంటి ఊళ్ళో ఈ ఇద్దరూ ఒకే మాటను ఒకే గాలిలో పలికిన మొదటి చోటు బహుశా ఆ కూడికే.

పాట ఒక దారి వేస్తే, చదువు మరో దారి వేసింది. 1840లో విశాఖకు వచ్చిన లండన్ మిషను దొర జాన్ హే దగ్గర చదివిన పులిపాక జగన్నాథం అనే బ్రాహ్మణ యువకుడు 1847లో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరు అట్టుడికింది. తర్వాత ఆయన పాదిరి అయి తెలుగు సంఘాలను నడిపారు. అయితే బడి నుంచి వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంతమందే. పాట మాత్రం బడి లేని ఊరికీ పోయింది.

కరెన్ల కోసం బయల్దేరి కాకినాడ చేరినవారు

చికాకోలు, బొబ్బిలి సంఘాలకు ఆ తర్వాతి అంకం కెనడా నుంచి వచ్చింది, అదీ దారి తప్పి. కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి బాప్తిస్టులు 1873లో ఏడుగురిని సయాం దేశానికి పంపారు. అక్కడి కరెన్ జాతి మధ్య పనిచేయాలన్నది ఉద్దేశం. తీరా వెళితే సయాం వైపు కరెన్లు అనుకున్నంతమంది లేరు. అప్పటికే కాకినాడలో పనిచేస్తున్న ఒంటారియో బాప్తిస్టు జాన్ మెక్‌లారిన్ పిలుపుతో 1875లో తెలుగు సీమకు మళ్ళారు. దక్షిణం ఒంటారియో వారికి, ఉత్తరం వీరికి అని పంచుకున్నారు. రూఫస్ శాన్‌ఫర్డ్ భీమునిపట్నం, ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు చికాకోలు, జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు బొబ్బిలి పట్టుకున్నారు. తర్వాత పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి కేంద్రాలయ్యాయి. విజయనగరంలో లండన్ మిషను వదిలిన పని కూడా చివరికి వీరి చేతికే వచ్చింది.

వీళ్ళ పని క్యాలెండరు పంటల క్యాలెండరే. వానాకాలం ఊళ్ళో బడి, ఉపదేశకుల శిక్షణ. కోతలయ్యాక, చలి పడగానే, ఎడ్లబండి మీద గుడారం వేసుకుని ఊరూరా తిరగడం. ఒక తోపులో వారం మకాం, పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. బండి వెంట తెలుగు సువార్తికులు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. సంత దగ్గర ముందు తాళాలతో కీర్తన ఎత్తుకునేది వాళ్ళే, జనం మూగాక కథ చెప్పేదీ వాళ్ళే. దొర మాట్లాడే తెలుగు విని నవ్వేసి పోయే జనం వీళ్ళ పాటకు ఆగేవారు. గుడారం ఎత్తేసి దొర వెళ్ళిపోయాక ఆ ఊరిలో మిగిలిన ఒక్క క్రైస్తవుడి ఇంటికి మళ్ళీ నెలలో వచ్చేదీ ఈ సువార్తికుడే. మిషను రిపోర్టుల్లో దొరల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వీళ్ళు ‘నేటివ్ హెల్పర్లు’ అనే లెక్కలో కలిసిపోయారు.

కూలివాడికి ఆదివారం సెలవు ఉండదు. పాలేరుకు అసలే ఉండదు. అందుకని పల్లెల్లో ఆరాధన దీపాలు పెట్టాకే. కిరసనాయిలు బుడ్డి మధ్యలో, చుట్టూ నేల మీద మనుషులు, ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. ఈ సాయంకాలపు కూడిక అలవాటు పట్టణాల ఉదయపు ఆరాధన పక్కన ఇప్పటికీ బతికే ఉంది.

పిడికెడు బియ్యం, పిడికెడు చోళ్ళు

చికాకోలుకు వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ గారి భార్య, పెళ్ళికి ముందు హన్నా మరియా నార్వుడ్, తానే ఒక చరిత్ర. మిషనరీగా వెళతానంటే బోర్డు దగ్గర డబ్బు లేదన్నారు. దాంతో ఆమె 1870లో నోవా స్కోషియాలో ఊరూరా తిరిగి, కాన్సో అనే రేవు ఊరు మొదలుకొని ఆడవాళ్ళ మిషనరీ సహాయ సంఘాలు పెట్టించారు. చేపలు పట్టేవారి, చిన్న రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు వేసిన చిల్లర డబ్బులతో ఆమె బర్మా ఓడ ఎక్కారు.

సముద్రానికి ఇవతల తెలుగు ఆడవాళ్ళ పద్ధతి ఇంకా చిన్నది, ఇంకా పట్టుదల గలది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి వేసే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం. రోజూ. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. ఉత్తరాంధ్ర పేద ఇళ్ళలో బియ్యం పండగనాటి మాట. మామూలు రోజు చోడి అంబలి, గంటి అన్నం. కాబట్టి అది పిడికెడు చోళ్ళు కూడా కావచ్చు. ఆరాధన చివర ఆ గింజలు గుట్ట పోసి, కొంత ఉపదేశకుడికి ఇచ్చి, కొంత వేలం వేసి సంఘం పెట్టెలో వేసేవారు. కోతలప్పుడు వచ్చే పంట పండుగనాడు గుమ్మడికాయలు, కోడిపెట్టలు, కొబ్బరి గెలలు, కందులు అన్నీ వేదిక ముందు చేరతాయి. ఒక్క గుమ్మడికాయ నాలుగుసార్లు వేలానికి వెళ్ళడమూ, కొన్నవాడే మళ్ళీ కానుకగా తిరిగి ఇవ్వడమూ ఇప్పటికీ చూడొచ్చు.

ఈ పిడికెడు మీద ఎవరు బతికారన్నది చూస్తే దాని బలం తెలుస్తుంది. జీతం కెనడా నుంచి వచ్చినంతకాలం ఉపదేశకుడు మిషను మనిషి. గింజలు కుండలోంచి వచ్చిన రోజు నుంచి అతను సంఘం మనిషి. ఇల్లు దాటి వస్తే పాస్టరు గారు ఈ పూట తిన్నారా అని అడిగే హక్కు ఆ ఇల్లాలికి వచ్చింది. మా ఇంటికి పరామర్శకు రాలేదేమని నిలదీసే హక్కూ దానితోనే వచ్చింది.

ఆడవాళ్ళ మధ్య పని చేసింది ‘బైబిలు స్త్రీ’. ఎక్కువమంది విధవలు. చదువు నేర్చుకుని, సంచిలో సువార్త పుస్తకం పెట్టుకుని, గోషా ఉన్న ఇళ్ళలోకి, పురిటి గదుల్లోకి వెళ్ళేవారు. మగ ప్రసంగికుడికి గడప దాటే వీలు లేని చోట వీళ్ళు చాప మీద కూర్చుని పాట నేర్పారు, అక్షరం నేర్పారు. బొబ్బిలిలో మెటిల్డా చర్చిల్ నడిపిన ఆడపిల్లల బడి ఇలాంటివాళ్ళను తయారుచేసింది. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకం చదివితే బొబ్బిలి మిషను ఎంతగా తెలుగు ఆడవాళ్ళ కాళ్ళ మీద నడిచిందో తెలుస్తుంది.

ఒకే గిన్నె

పాట కలిపింది. బల్ల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ప్రభువు బల్ల అంటే రొట్టె విరిచి పంచుకోవడం, ఒకే గిన్నెలో ద్రాక్షరసం అందరూ తాగడం. పల్లవి కలిసి పాడటానికి కులం అడ్డు రాకపోవచ్చు. ఎంగిలి గిన్నె దగ్గర అది లేచి నిలబడుతుంది. తెలుగు దేశపు సంఘాలన్నీ ఏదో ఒక రోజు ఈ గిన్నె ముందు ఆగినవే. మాల, మాదిగ, రెల్లి, పైడి ఎవరి వరస వారిది. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరి తర్వాత ఎవరు తాగాలి అన్న లెక్క నోటితో చెప్పకుండానే నడిచేది. ఒక్కో పేటకు ఒక్కో గుడి వెలిసిన చోట్ల ఆ లెక్క గోడలుగానే నిలబడిపోయింది. తర్వాత ఎప్పుడో చిన్న చిన్న గాజు గ్లాసులు వచ్చాయి. ఆరోగ్యం కోసమన్నారు. అది కొంత నిజమే. గిన్నె తగవు కూడా దానితో సద్దుమణిగిందన్నదీ నిజమే.

బల్లలో పాలు ఎవరికి అన్నది బాప్తిస్టుల్లో సంఘమే తేలుస్తుంది. బాప్తిస్మం అడిగినవాణ్ణి ముందు సంఘపు కూడికలో నిలబెట్టి ప్రశ్నిస్తారు. సాక్ష్యం చెప్పమంటారు. సభ్యులు ఒప్పుకుంటేనే చెరువులోనో గెడ్డలోనో ముంచుతారు. సారా తాగినా, భార్యను వదిలినా, జాతరలో పాలు పంచుకున్నా బల్ల నుంచి దూరంగా ఉంచుతారు. ఊరి జాతర దగ్గర ఈ కట్టుబాటు గట్టిగా తగిలేది. గ్రామదేవత పండగలో డప్పు కొట్టడం, దండోరా వేయడం పేటవారి ‘విధి’. క్రైస్తవుడు కొట్టనంటే పెత్తందారికి అది దేవుడి గొడవ కాదు, తన పెత్తనం మీద దెబ్బ. కూలి ఆగిపోయేది, బాట ఆగిపోయేది. అప్పుడు సంఘం ఏం చేసిందన్నదే ఆ ఊరిలో సంఘం నిలుస్తుందా లేదా అన్నది తేల్చింది. పది మైళ్ళ అవతలి విశ్వాసులు గింజలు మోసుకొచ్చి ఆదుకున్న చోట నిలిచింది. ఎవరూ రాని చోట మరుసటి జాతరకు డప్పు మళ్ళీ మోగింది.

ఆరింటి నుంచి ఏడింటి దాకా

పాస్టరు బీరువాలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం పుట్టించిన రిజిస్టరు. అడ్డంగా గళ్ళు: పెళ్ళి తేదీ, ఇద్దరి పేర్లు, వయసు, అంతకుముందు పెళ్ళి కాలేదా లేక వితంతువా, వృత్తి, ఊరు, తండ్రి పేరు, చివర సంతకాలు. చదువు రాని తరంలో ఆ చివరి గడి నిండా వేలిముద్రలే.

ఆ చట్టం పెళ్ళి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే జరగాలంది. అర్ధరాత్రి దాటాక ముహూర్తాలు పెట్టుకునే సీమలో ఇది చిన్న మార్పు కాదు. చుక్కల లెక్క పోయింది, పగటి పెళ్ళి వచ్చింది. అదే చట్టం మొదట్లో భారతీయ క్రైస్తవుల్లో అబ్బాయికి 16, అమ్మాయికి 13 ఏళ్ళు దాటాలని కనీస వయసు పెట్టింది. ఈనాటి కళ్ళకు అది అన్యాయం. ఉయ్యాల పెళ్ళిళ్ళు జరిగే ఆనాటికి మాత్రం ఒక అడ్డుకట్ట. తాళి మాత్రం పోలేదు. దాని బిళ్ళ మీద శిలువ వచ్చింది. ఇంటిపేరూ పోలేదు. సంబంధాల దగ్గర ఇంటిపేరు అడగడమూ పోలేదు.

పాస్టరు గారి అసలు పని ఈ రిజిస్టరుకు అటూ ఇటూ ఉంటుంది. పుట్టిన బిడ్డకు ప్రతిష్ఠ ప్రార్థన, కొత్త ఇంటికి గృహప్రవేశ ప్రార్థన, బోరు వేసే ముందు ప్రార్థన, పరీక్షకు వెళ్ళే పిల్లాడి హాల్‌టికెట్టు మీద చేయి పెట్టి ప్రార్థన, జ్వరం తగ్గకపోతే మంచం పక్కన ప్రార్థన. పాత ఊరిలో ఈ గడపలన్నిట్లో ఒక పురోహితుడో, భూతవైద్యుడో, ఎరుకల సోదెకత్తో ఉండేవారు. కొత్త దేవుణ్ణి నమ్మిన మనిషికి ఆ గడపలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీల్లోకి నడిచి వెళ్ళడమే కాపరి పని. ముఖ్యంగా చావు గడపలోకి. కులం కదలక, పాడె కట్టే చేయి లేక నిలిచిపోయిన శవాన్ని మోయడానికి పొరుగూరి నుంచి పాడుకుంటూ వచ్చిన పది మందిని చూసిన ఊరు, క్రైస్తవం అంటే ఏమిటో ప్రసంగం వినకుండానే తెలుసుకుంది. ఈస్టరునాడు తెల్లవారకముందే కొవ్వొత్తులతో సమాధుల దొడ్డికి నడిచే అలవాటు తెలుగు సంఘాల్లో ఎందుకంత బలంగా పాతుకుందో ఇక్కడ అర్థమవుతుంది.

సాలూరు దారి, విచారణ దారి

బాప్తిస్టులే కాదు. ఉత్తర జర్మనీలోని బ్రెక్లం నుంచి 1882లో బయల్దేరిన లూథరన్ మిషనరీలు బస్తరు వెళ్ళబోయి, అక్కడ కుదరక, సాలూరు, కోరాపుట్ వైపు తిరిగారు. సాలూరు వారికి కొండ ఎక్కే మెట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లను ప్రభుత్వం నిర్బంధించాక, దొర లేకుండా సంఘం నడపడం ఇక్కడి ఉపదేశకులకు తప్పనిసరై వచ్చింది. సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఆ మిషను కాలపు పనికి కొనసాగింపు. ఊరు వెలివేసిన రోగులు కూడా ఒక సంఘమై పాడిన చోటది.

కతోలికుల లెక్క వేరు. నేటి ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతపు అన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖ వచ్చారు. 1886లో విశాఖ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడింది. వారి చోట సంఘం కట్టింది విచారణ (పారిష్) గురువుతో పాటు ఉపదేశి. గురువు నెలకోసారి వచ్చి పూజ చేస్తే, మిగతా రోజుల్లో సాయంత్రం జపమాల చెప్పించేది, పిల్లలకు జపాలు నేర్పేది, చావుబతుకుల్లో ఉన్నవారికి కబురందించేది ఉపదేశే. 1993 జులై 1న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వేరుగా శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. తొలి పీఠాధిపతి అడ్డగట్ల చిన్న ఇన్నయ్య.

బాప్తిస్టు కాపరి ముంచి బాప్తిస్మం ఇస్తాడు, లూథరన్ పాదిరి పసిబిడ్డ తల మీద నీళ్ళు పోస్తాడు, కతోలిక గురువు మరియ మాతకు పండుగ చేస్తాడు. సిద్ధాంతాలు ఎంత దూరమైనా, నడిపిన పని ఒకటే. దొర లేని రోజున ఎవరు గంట కొడతారన్న ప్రశ్నకు మూడు చోట్లా జవాబు ఒక తెలుగు ఉపదేశకుడు.

గీతలు మారాక

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అవతలికి పోయింది, చికాకోలు ఇవతల మిగిలింది. చౌదరి పుట్టిన, చనిపోయిన సీమ ఒక రాష్ట్రంలో, ఆయన పాట పాడే సంఘాలు ఎక్కువ మరో రాష్ట్రంలో పడ్డాయి. సంబంధాలు మాత్రం గీత దాటి సాగాయి.

అంతకన్నా పెద్ద దూరం రంగంది. ఈ తీరం నుంచి వేలమంది కూలికి రంగూన్, మౌల్మీన్ పోయేవారు. చికాకోలు వదిలిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తర్వాత బర్మాలోనే తెలుగు, తమిళ వలసకూలీల మధ్య పనిచేశారు. నోవా స్కోషియా ఆడవాళ్ళు మొదట పంపిన బర్మాకు హన్నా మరియా ఇలా తెలుగువాళ్ళ వెంట మళ్ళీ చేరుకున్నారు. రేవులో, బియ్యం మిల్లులో పనిచేసే తెలుగువాడికి అక్కడ ఊరి గుడి లేదు, జాతర లేదు, కులపెద్ద లేడు. ఆదివారం కీర్తన పాడే చోటు ఉంది. 1942లో జపాను సైన్యం ముందు పారిపోయి కాలినడకన తిరిగొచ్చినవారిలో ఆ సంఘాల వాళ్ళూ ఉన్నారు.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో కెనడా మిషను సంఘాలు ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘాల సమాఖ్యగా, సీబీసీఎన్‌సీగా, ఒక గొడుగు కిందికి వచ్చి పెత్తనం తెలుగువారి చేతికి వచ్చింది. సేవ మాత్రం కొనసాగింది. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేసిన కంటి ఆపరేషన్లకు సాయంగా 1963లో కెనడాలోని కాల్గరీలో మొదలైన ప్రయత్నమే ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ అయింది. ఉద్దానం పల్లెల్లో చూపు తిరిగొచ్చిన చాలామంది బాప్తిస్మం తీసుకోలేదు. ఆరోగ్యవరం దొర పేరు మాత్రం మరచిపోలేదు.

మరో గీత 1950లో పడింది. షెడ్యూల్డు కులాల గుర్తింపును రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మారినవారు బీసీ-సీ అయ్యారు. అప్పటి నుంచి బల్ల దగ్గర కూర్చున్నవారి సంఖ్య వేరు, సర్కారు లెక్కల్లో క్రైస్తవుల సంఖ్య వేరు. జనాభా పట్టికలో మతం కొలిచేవారికి ఈ సీమలో క్రైస్తవం చాలా తక్కువగా కనిపిస్తుంది. కూడికకు వెళ్ళి పల్లవి దగ్గర వినేవారికి మరోలా వినిపిస్తుంది.

ఇవాళ మిషను కాలపు పెద్ద గుళ్ళ కన్నా రేకుల షెడ్డు ప్రార్థన మందిరాలు ఎక్కువ. ఏ సమాఖ్యకూ చెందని పాస్టర్లు, కీబోర్డు, ప్యాడ్లు, యూట్యూబు పాటలు, శుక్రవారపు ఉపవాస కూడికలు. ముఖారి రాగం తెలిసిన యువకులు తక్కువ. పాత సంఘాల పెద్దలు దీనికి బాధపడతారు. బాధలో న్యాయముంది. కానీ చౌదరి కీర్తన కూడా 1830ల్లో కొత్త బాణీయే, ఇంగ్లీషు పాటను పక్కకు నెట్టిన బాణీ. వంద మందిలో పదాలు రానివాడు కూడా గొంతు కలపగలిగే పాట ఉన్నంతకాలం, పిలవకపోయినా చావు ఇంటికి నడిచివచ్చే కాపరి ఉన్నంతకాలం, సంఘం ఉంటుంది. ఈ రెండిట్లో మొదటిది ఇవాళ ప్రతి చోటా మైకులోంచి దొరుకుతోంది. రెండోది దొరకని చోట గుడి ఎంత నిండినా అది జనం గుంపే.

(వచ్చే భాగంలో: చనిపోయినవారితో మాట్లాడే సవర కొండల్లోకి బాప్తిస్టు కీర్తన వెళ్ళినప్పుడు ఏం జరిగింది? సెరంగో మిషను, గిడుగు రామమూర్తి సవర పుస్తకాలు, 1936లో మంగై గొమాంగో కట్టిన సొంత లిపి.)